నూనెకు నీటికి పొత్తు కుదిర్చిన సబ్బు

పైరులను పాడుచేయు పురుగులు ముఖ్యముగా రెండు విధములు. కొన్ని ఆకులను కొరికి తినును. పేనుబంక, తెల్లదోమ, పొలుసు పురుగు మొదలైనవి సూదివంటి నోటిని మొక్కలోనికి గ్రుచ్చి రసమును పీల్చును. 19వ శతాబ్దపు ఉత్తరార్ధమున అమెరికా రైతులు బంగాళాదుంప చేలపై పారిస్ గ్రీన్ అను ఆర్సెనిక్ విషమును చల్లి, ఆకు తిను పురుగులను అణచగలిగిరి. ఆకుతోపాటు విషము కడుపులోనికి పోవును గదా! కాని లోపలి రసమును త్రాగు పురుగు పైనున్న విషమును ముట్టనే ముట్టదు. దానిని చంపవలెనన్న మందు దాని ఒంటికే తగులవలెను.

కిరోసిను అట్టి మందు. అది పురుగు శరీరముపై పలుచగా ప్రాకి శ్వాసరంధ్రములను మూసివేయును. అయితే ఉత్త కిరోసిను చల్లినచో ఆకులు కూడ మాడిపోవును. నీటితో పలుచన చేయుదమన్న, నూనె నీటిపై తేలిపోవును. ఈ చిక్కును విడదీసినది సబ్బు. సబ్బు అణువు యొక్క ఒక కొన నీటిని, రెండవ కొన నూనెను అంటుకొనును. అందువలన నూనె సన్నని బిందువులై నీటిలో నిలిచియుండును. ఇట్టి మిశ్రమమును ఎమల్షన్ అందురు. పాలు కూడ ఒక ఎమల్షనే.

ఫ్లారిడా నారింజ తోటలను పొలుసు పురుగులు పీడించుచుండగా, హెన్రీ హబ్బర్డ్ అను కీటకశాస్త్రజ్ఞుడు అచ్చట పరిశోధనలు జరిపి 1885లో వాటి ఫలితములను ప్రకటించెను. అర పౌను సబ్బును 1 గాలను నీటిలో కాచి, ఆ వేడినీటిని మంటకు దూరముగా 2 గాలన్ల కిరోసినులో పోసి, పంపుతో చిలుకవలెను. మీగడవంటి పదార్థము వచ్చును. దానికి 9 రెట్లు చన్నీరు కలిపి చెట్లపై చల్లుటయే ఆ పద్ధతి.

పొగాకునుండి తీసిన నికోటిన్ సల్ఫేటునకు కూడ సబ్బు తోడైనది. సబ్బులోని క్షారగుణము వలన నికోటిన్ విడివడి ఆవిరియై పురుగును త్వరగా చంపును. సబ్బు మైనపు పూతగల పురుగు ఒంటిని తడుపును.

1914లో మెలాండర్ అను శాస్త్రజ్ఞుడు, వాషింగ్టన్ రాష్ట్రపు తోటలలో కొన్నిచోట్ల శాన్‌హోసే పొలుసు పురుగు సున్నము-గంధకము మందునకు లొంగుట లేదని తెలిపెను. 1920 తరువాత ఆ పురుగుపై నూనె ఎమల్షన్ల వాడుక పెరిగినది. విషమును తట్టుకొనుట నేర్చిన పురుగునకు, ఊపిరాడకుండ చేయు నూనెను తట్టుకొనుట అంత సులభము కాదు.

డి.డి.టి. వంటి కొత్త విషములు వచ్చిన పిమ్మట ఈ సంగతి కొంతకాలము మరుగున పడెను. 1984-85లో ఆంధ్రప్రదేశ్ ప్రత్తి చేలలో తెల్లదోమ విజృంభించినది. పైరిత్రాయిడ్ మందులను మరల మరల చల్లుట వలన ఆ పురుగు యొక్క సహజ శత్రువులు నశించుట దీనికి ఒక కారణము. వేపనూనెలో సబ్బుపొడి కలిపి, ఆకుల అడుగుభాగము తడియునట్లు చల్లుడని చెప్పు సలహా వెనుక ఉన్నది హబ్బర్డ్ నాటి సూత్రమే.

ఐతే నూనె తగిలిన పురుగు మాత్రమే చచ్చును. మోతాదు మించినచో ఆకు మాడును. మందు ఎంత గట్టిదైనను, అది పురుగును చేరు దారి తెలియనిచో రైతు ఖర్చు వృథాయే.