గోదావరి గట్టు నుంచి గుడిస కొండకు

కోనసీమలో పుట్టి పెరిగినవారికి ఎత్తు అంటే గోదావరి గట్టే. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలు మొత్తం గాలించినా గుట్ట అన్నది కనిపించదు. నేల తవ్వితే ఒండ్రు, దాని కింద ఇసుక. రాయి కావాలంటే పైనుంచి రావలసిందే. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్టకు సైతం రాయి ధవళేశ్వరం కొండ నుంచి తీశారు. మా చిన్నతనంలో కొండ అంటే రాజమండ్రి దాటి వెళ్ళినవారు వచ్చి చెప్పే ముచ్చట.

అటువంటి నేల నుంచి ఈ మధ్య కార్తీకం మొదలు సంక్రాంతి వెళ్ళేదాకా మారేడుమిల్లికి కార్లు బారులు తీరుతున్నాయి. రావులపాలెం మీదుగా రాజమండ్రి, అక్కడినుంచి రంపచోడవరం, ఆపైన 27 కిలోమీటర్ల ఘాట్ దారిలో మారేడుమిల్లి. అక్కడ రాత్రి బస చేసి, తెల్లవారుజామున మూడు గంటలకు స్థానిక డ్రైవరు జీపులో గుడిస కొండ ఎక్కి సూర్యోదయం చూడటం ఇప్పుడు పిల్లలకు పెద్ద సరదా. మన పెన్షనరు మిత్రులు కూడా మనవల వెంట వెళ్ళివస్తున్నారు. సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం కావాలని మిత్రులు అడిగినపుడు, ఆ జీపు బాట చరిత్రే వ్రాయాలనిపించింది. ఎందుకంటే మన ఉద్యోగుల కథ కూడా అందులో కలిసి ఉన్నది.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా కోనసీమ, రంపచోడవరం ఏజెన్సీ ఒకే తూర్పుగోదావరి జిల్లా. ఆ రోజున కోనసీమ తానొక జిల్లా అయింది, రంపచోడవరం అల్లూరి సీతారామరాజు పేరిట ఏర్పడిన జిల్లాకు వెళ్ళింది. అంతకు ముందు కాకినాడలో సంతకమయ్యే బదిలీ ఉత్తర్వు అంబాజీపేటలో ఉన్న గుమాస్తాను అడ్డతీగలకు పంపగలిగేది. ఏజెన్సీ బదిలీ అంటే ఇంట్లో ఏడుపులు వినిపించేవి. మన్యం జ్వరం అన్న మాటకు అంత భయం. బదిలీ ఆపించుకోవడానికి తిరిగిన తిరుగుళ్ళు, పెట్టిన మెడికల్ సర్టిఫికెట్లు వ్రాస్తే అదొక గ్రంథమవుతుంది. నేను 1974లో మొదటిసారి వెళ్ళాను. ట్రంకు పెట్టె, బొంత, క్వినైన్ మాత్రలు, ఊరగాయ జాడీ. కొండ దారిలో ఆఫీసు జీపు వెనుక బల్ల మీద కూర్చుంటే జాడీ పట్టుకోవాలా, పైకమ్మీ పట్టుకోవాలా అన్నది తేలేది కాదు. ఆనాడు జీతం ఇచ్చి ఎక్కించిన దారికి ఈనాడు డబ్బిచ్చి వెళుతున్నామని ఒక మిత్రుడు ఎప్పుడూ నవ్విస్తుంటాడు.

జీపు రాకముందు ఈ కొండలలో దారి అంటే కాలిబాట. దొరలు, అమీనులు గుర్రం మీదనో, డోలీలోనో వెళ్ళేవారు. ఆ డోలీ మోసేది, సామాను మోసేది కొండవాళ్ళు. దానికి కూలి ఉంటే ఉండేది, లేకపోతే వెట్టి. కింది నుంచి వచ్చే ప్రతి అధికారీ వారి భుజాల మీదనే కొండ ఎక్కాడన్నది అతిశయోక్తి కాదు.

1879లో రంప దేశం తిరగబడింది. రంప మునసబుదారు ఎడాపెడా పన్నులు పెంచడం, ఆపైన సర్కారు ఆబ్కారీ నిబంధనలు తెచ్చి ఇంటి వాడకానికి తీసుకునే కల్లు మీద కూడా పన్ను పడటం ముఖ్య కారణాలు. చిగురు పన్ను అనే పేరు ఆనాటిదే. మూడవ కారణం మనం ఆలోచించవలసినది. మైదానాల నుంచి వెళ్ళిన వర్తకులు, వడ్డీ వ్యాపారులు చదువురాని కొండవాళ్ళ చేత కాగితాల మీద వేలిముద్రలు వేయించుకుని, కోర్టు డిక్రీలతో పశువులను, పంటను తోలుకుపోయేవారు. అంటే కొండ కిందివాళ్ళం, మనబోటి పల్లం వాళ్ళం. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య వంటి నాయకులు పోలీసు ఠాణాల మీద పడ్డారు. దారి లేని కొండలలో సైన్యం వెంటాడలేక ఇబ్బంది పడింది. తుపాకీ గుండు కంటె జ్వరమే ఎక్కువమంది సిపాయిలను మంచాన పడవేసింది. 1880లో నాయకులు ఒక్కొక్కరే హతులైన తరువాత గాని మన్యం సద్దుమణగలేదు. కొండలను లొంగదీయాలంటే ముందు రోడ్డు వేయాలన్న పాఠం సర్కారు అక్కడ నేర్చుకున్నది.

ఆ రోడ్డు ఎలా వేశారన్నది రెండవ కథ. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు చాలామంది వినే ఉంటారు. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వెళ్ళే రోడ్డు పని అతని పెత్తనం కింద జరిగింది. కొండవాళ్ళను బలవంతంగా పనిలోకి దింపడం, కూలి ఎగవేయడం, ఎదురు చెప్పినవారిని కొట్టించడం అక్కడ మామూలు. ఒకవంక 1882 అడవి చట్టం వచ్చాక పోడు కొట్టుకోవడం, పశువులను మేపుకోవడం కూడా నేరమైపోయింది. బాస్టియన్‌తో తగవుపడిన గాం గంటందొర, గాం మల్లుదొర సోదరులు అల్లూరి సీతారామరాజు వెంట నడిచారు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరుసగా పడ్డాయి. రాజవొమ్మంగి స్టేషనులో బందీగా ఉన్న వీరయ్యదొరను విడిపించుకు వెళ్ళారు. సెప్టెంబరులో దామనపల్లి ఘాటీలో కవర్ట్, హైటర్ అనే ఇద్దరు దొరలు కూలిపోయారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం వంతు. 1924 మే 7న రాజుగారిని కొయ్యూరు దగ్గర కాల్చి చంపేదాకా ఆ పోరు సాగింది. మల్లుదొర మాత్రం శిక్ష అనుభవించి బ్రతికి బయటపడి, స్వాతంత్ర్యం వచ్చాక 1952లో లోక్‌సభకు ఎన్నికైనాడు. ఈ సంగతి మన పిల్లల పాఠ్యపుస్తకాలలో ఎందుకు ఒక్క వాక్యమైనా ఉండదో తెలియదు.

ఇప్పుడు చలి చూడటానికి లంబసింగి వెళ్ళేవారు ఎక్కేది ఆ దారినే. మలుపుల దగ్గర ఫొటోలు తీసుకుంటారు. రోడ్డు వేసినవారి పేర్లు ఏ మైలురాయి మీదా లేవు.

ఇక జీపు సంగతి. రెండవ ప్రపంచయుద్ధం ముంచుకొస్తుంటే 1940లో అమెరికా సైన్యం, ఎటువంటి నేల మీదనైనా నడిచే తేలిక బండి కావాలని కోరింది. బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల గడువులో నమూనా తయారుచేసి ఇచ్చింది. ఆ తరువాత విల్లీస్, ఫోర్డు కంపెనీలు యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. దాని గొప్పతనం వేగంలో లేదు. మామూలు బండికి ఇంజను బలం రెండు చక్రాలకే అందుతుంది. జీపుకు అవసరమైనపుడు నాలుగు చక్రాలకూ అందుతుంది. ఒక చక్రం బురదలో జారినా మిగిలినవి లాగుతాయి. పక్కనే ఉండే చిన్న గేరు కడ్డీ వేస్తే నడక వేగంతో నిటారు దారి కూడా ఎక్కుతుంది.

యుద్ధం అయ్యాక మిగిలిపోయిన డిస్పోజల్ జీపులు మన దేశంలో అమ్మకానికి వచ్చాయి. కాశ్మీరు యుద్ధకాలంలో, 1948లో, ఇంగ్లండులో పాత జీపులు కొన్న వ్యవహారం పార్లమెంటు దాకా పోయి గగ్గోలైంది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాలలోనే మహీంద్రావారు విల్లీస్ విడిభాగాలు తెప్పించి బొంబాయిలో కూర్చడం మొదలుపెట్టారు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైన తరువాత బ్లాకు ఆఫీసు అంటే జీపు, జీపు అంటే సర్కారు అయిపోయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు యునిసెఫ్ జీపులు వచ్చాయి. మలేరియా మందు కొట్టే సిబ్బంది డి.డి.టి. డబ్బాలతో మన్యంలోకి వెళ్ళినది కూడా జీపుల మీదనే. కోనసీమలో జీపుకు పెద్ద పని లేదు. కాలువ గట్టు మీద సైకిలు, రేవు దాటడానికి పంటు ఉంటే చాలు. కొండలో మాత్రం జీపు శబ్దం విని ఊరంతా అడవిలోకి పోయిన రోజులు ఉన్నవి. ఎవరు వస్తున్నారో, ఏం పట్టుకుపోతారో అన్న జంకు మూడు తరాల నుంచి వారి నరాల్లో ఉన్నది.

బండి వెళ్ళే బాటలు చాలావరకు కలప కోసం పుట్టినవి. అటవీశాఖ అడవిని కూపులుగా విడగొట్టి వేలం వేసేది. కంట్రాక్టర్ల లారీలు కలపకూ వెదురుకూ వెళ్ళడానికి కొండవాలును గీరి వేసిన మట్టిదారులే కూపు రోడ్లు. కూపు అయిపోతే దారిని అలా వదిలేసేవారు. వాన ఒరుపుకు సగం కొట్టుకుపోగా మిగిలిన సగం మీద ఊళ్ళవాళ్ళు నడిచేవారు. హైమండార్ఫ్ అనే ఆస్ట్రియా పరిశోధకుడు గోదావరి కొండలలో కొండరెడ్ల మధ్య తిరిగి 1945లో ప్రచురించిన గ్రంథంలో, కలప వ్యాపారుల దగ్గర అప్పుపడి వారు ఎలా నలిగిపోతున్నారో చెప్పాడు. కోనసీమలో మన తాటాకిళ్ళకు వేసిన వెదుళ్ళు గోదావరి మీద తెప్పలుగా దిగివచ్చినవే కదా. వాటిని నరికిన చేతికి ఏం దక్కిందో మన పెద్దలు అడగలేదు.

స్వాతంత్ర్యం తరువాత కొన్ని సంగతులు మారాయి. 1969లో ముఠాదారీ రద్దయింది. 1959 భూబదలాయింపు నిబంధనకు 1970లో చేసిన సవరణ, అందరూ 1/70 అనేది, ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడాన్ని పూర్తిగా ఆపింది. మారేడుమిల్లి వెళ్ళిన మనవాళ్ళు టీ తాగుతూ మొదట అడిగే ప్రశ్న, ఇక్కడ అరెకరం దొరుకుతుందా అని. దొరకదు. దొరుకుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. పెన్షను డబ్బు బినామీ కాగితాలలో పెట్టి పోగొట్టుకోవద్దు.

1980లలో ఈ బాటలకు వేరే భయం వచ్చింది. 1987 డిసెంబరులో గుర్తేడు దగ్గర ఎస్.ఆర్.శంకరన్ గారితో సహా ఐ.ఎ.ఎస్. అధికారులను నక్సలైట్లు పట్టుకుపోయిన వార్త ఆనాడు మన ఆఫీసులన్నింటినీ కుదిపింది. గిరిజనుల కోసం జీవితమంతా పనిచేసిన శంకరన్ గారే వారిలో ఉండటం విచిత్రం. అందరూ క్షేమంగా తిరిగి వచ్చారు. అయితే ఆ తరువాత చాలాకాలం చీకటి పడితే ఆ రోడ్డు మీద బండి తిరిగేది కాదు. ఇప్పుడు తెల్లవారుజామున మూడు గంటలకు పిల్లలతో బయలుదేరుతున్నారంటే, ఆ మార్పు ఎంతటిదో ఆ రోజుల్లో అక్కడ పనిచేసినవారికే తెలుస్తుంది.

మారేడుమిల్లి నుంచి గుడిస నలభై కిలోమీటర్ల లెక్క. పుల్లంగి దాకా పరవాలేదు. అటుపైన రాళ్ళు తేలిన మట్టిబాట, వాగు గుంతలు, ఒకపక్క లోయ. సొంత కారు ఎంత ఖరీదైనదైనా కింద వదిలి, అక్కడి డ్రైవరు జీపో బొలేరోనో ఎక్కడమే మంచిది. ఆ డ్రైవరే మనకు గైడు. ఇది జీలుగు చెట్టు, అది అడ్డాకు తీగ, ఆ నల్లగా కాలిన వాలు పోడు అని వివరించేది అతనే. దిగేటపుడు బ్రేకు మీద కాలు వేసి ఉంచడు. మొదటి గేరులోనే, ఇంజను పట్టు మీద బండిని దింపుతాడు. బ్రేకును నమ్ముకుంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. 2019 అక్టోబరులో మారేడుమిల్లి–చింతూరు ఘాట్‌లో యాత్రికుల టెంపో లోయలో పడి ఎనిమిది మంది పోయిన సంగతి మరచిపోకూడదు. కొండదారి తెలిసిన చేతికి ఇచ్చే డబ్బు దండగ కాదు.

పైకి చేరితే చెట్టు తగ్గి, గడ్డి పరచిన గుండ్రని కొండలు. కింద లోయలో తెల్లని మంచు, కోనసీమలో వరద నాడు లంకలు మునిగినట్టు, కొండ శిఖరాలు మాత్రమే పైకి తేలి కనిపిస్తాయి. 1986 ఆగస్టు వరద చూసినవారికి ఆ పోలిక చప్పున తట్టుతుంది. ఆ వరదనీరు ఇటువంటి కొండల మీద కురిసినదే. మన పొలాల ఒండ్రు ఇటువంటి వాలుల నుంచి కరిగి వచ్చినదే. పిల్లలకు ఈ ముక్క అక్కడ నిలబడి చెబితే వెంటనే అర్థమవుతుంది.

చూడగానే మనసుకు కష్టం కలిగించేది గడ్డి మీద చక్రాల చారలు. బాట వదిలి బండ్లు ఇష్టం వచ్చినట్టు తిప్పుతారు. ఒకసారి చక్రం గీరిన చోట వానకు మట్టి కోసుకుపోయి గాడి పడుతుంది. మరుసటి ఏడు అది గొయ్యి. ప్లాస్టిక్ సీసాల సంగతి వ్రాయనక్కరలేదు. 2021లో 'పుష్ప' సినిమాలో ఈ అడవులు చూసిన తరువాత రద్దీ ఇంకా పెరిగింది.

వెన్నుపూస నొప్పి, బైపాస్ ఆపరేషన్ అయినవారు గుడిస మాట తలపెట్టవద్దు. వారికి రోడ్డు పక్కనే జలతరంగిణి ఉన్నది, రంపచోడవరం దగ్గర రంపలో పాత శివాలయం ఉన్నది. వెళ్ళగలిగినవారు ముందు సీటు అడిగి తీసుకోండి, వెనుక బల్ల మీద కుదుపు రెట్టింపు. స్వెట్టరు, మంకీ టోపీ తప్పనిసరి. రేటు ఎక్కే ముందే మాట్లాడుకోవాలి, దిగాక బేరమాడటం మన వయసుకు మర్యాద కాదు. అడవిని కాపాడుకునే వన సంరక్షణ సమితుల వాళ్ళు నడిపే బసలు ఉంటే అక్కడ దిగండి. ఆ రూపాయి కొండమీదే ఉంటుంది.

తొమ్మిది గంటలకల్లా యాత్రికుల జీపులు కిందికి వచ్చేస్తాయి. అవే బండ్లు సంత రోజున మళ్ళీ పైకి వెళతాయి. అప్పుడు చింతపండు బస్తాలు, చీపురు కట్టలు, పైన కోళ్ళ గంప, చంటిపిల్లల తల్లులు. ఎనిమిది మంది పట్టే చోట ఇరవై మంది. బండి వెళ్ళలేని పల్లెలు ఆ కొండల వెనుక ఇంకా ఉన్నవి. అక్కడ పురిటి నొప్పులు వచ్చిన ఇల్లాలిని ఇప్పటికీ డోలీ కట్టి, నలుగురు మోసుకుంటూ జీపు ఆగే చోటికి తెస్తారు.