గణకురాలి నుండి ప్రోగ్రామర్‌ వరకు: సాఫ్ట్‌వేర్ రంగంలోకి స్త్రీల వృత్తి మార్పు - చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

సాఫ్ట్‌వేర్ వృత్తి మొదటినుండీ పురుషులదేననీ, స్త్రీలు అందులోకి ఆలస్యంగా ప్రవేశించారనీ ఒక అభిప్రాయం స్థిరపడి ఉంది. 1940ల నుండి అమెరికా, బ్రిటన్‌ దేశాలలో లభించే ఆధారాలు దీనికి భిన్నమైన చరిత్రను చూపుతాయి. తొలితరం ప్రోగ్రామర్లలో స్త్రీలు గణనీయంగా ఉన్నారు. వారిలో చాలామంది మరొక వృత్తి నుండి వచ్చినవారే. ఆ మార్గం ఎలా తెరుచుకుందో, తరువాత ఎందుకు ఇరుకైందో వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: గణకురాలు, ఎనియాక్, ప్రోగ్రామింగ్, వృత్తి మార్పు, స్త్రీల చరిత్ర, మౌఖిక చరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఆంగ్లంలో ‘కంప్యూటర్’ అనే మాట యంత్రానికి పేరు కాకముందు మనిషికి పేరు. లెక్కలు కట్టడమే ఉద్యోగంగా గల వ్యక్తిని ఆ పేరుతో పిలిచేవారు. రెండవ ప్రపంచ యుద్ధకాలం నాటికి అమెరికాలో ఈ పనిచేసేవారిలో స్త్రీలే అధికం. గణితంలో పట్టా పొందిన స్త్రీకి అప్పట్లో పాఠశాల ఉపాధ్యాయ వృత్తి తప్ప వేరే దారి పెద్దగా లేదు. యుద్ధం ఆ పరిస్థితిని మార్చింది. పురుషులు సైన్యంలోకి వెళ్లడంతో ఖాళీ అయిన స్థానాలలోకి స్త్రీలు వచ్చారు. సాఫ్ట్‌వేర్ రంగంలో స్త్రీల చరిత్ర ఇక్కడినుండే మొదలవుతుంది.

2. ఎనియాక్: లెక్కల బల్ల నుండి యంత్రం వద్దకు

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు మూర్ స్కూల్‌లో గణకురాళ్లు ఫిరంగి గుండు ప్రయాణించే మార్గాన్ని లెక్కించేవారు. ఒక్క మార్గాన్ని చేతియంత్రంతో గణించడానికి సుమారు 30 గంటలు పట్టేది. ఈ జాప్యాన్ని తొలగించడానికి నిర్మించినదే ఎనియాక్. దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులతో, 30 టన్నుల బరువుతో రూపొందిన ఈ యంత్రానికి పని నేర్పడానికి 1945లో ఆరుగురు గణకురాళ్లను ఎంపిక చేశారు. వారు కాథ్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బిలాస్, రూత్ లిక్టర్‌మన్. వీరిలో బెట్టీ స్నైడర్ చదివింది పత్రికా రచన.

వారికి పాఠ్యగ్రంథం లేదు, ప్రోగ్రామింగ్ భాష లేదు. రహస్య ప్రాజెక్టు కావడంతో మొదట యంత్రాన్ని చూసే అనుమతి కూడా లేదు. దాని నిర్మాణ పటాలను చదివి, ఏ తీగను ఎక్కడ కలపాలో, ఏ స్విచ్‌ను ఏ స్థానంలో ఉంచాలో వారే నిర్ణయించుకున్నారు. ఒక సమస్యను చిన్న చిన్న దశలుగా విడగొట్టడం గణకురాళ్లుగా వారికి అలవాటైన పని. ఆ నైపుణ్యమే ప్రోగ్రామింగ్‌కు పునాది అయింది. కనుక వృత్తి మారినా పాత అనుభవం వృథా కాలేదు.

1946 ఫిబ్రవరిలో ఎనియాక్‌ను ప్రపంచానికి ప్రదర్శించారు. ఆ ప్రదర్శనలో నడిచిన గుండు ప్రయాణ మార్గపు ప్రోగ్రామును రూపొందించినది జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్. అయినా ఆ సందర్భంగా జరిగిన విందుకు తమను పిలవలేదని జెన్నింగ్స్ తన ఆత్మకథలో నమోదు చేశారు. యంత్రాన్ని నిర్మించడం గొప్ప పనిగా, దానిని నడిపించడం గుమాస్తా పనిగా భావించిన కాలమది. జెన్నిఫర్ లైట్ 1999లో ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ విభజనను వివరంగా చర్చించింది. ఈ పనిని తక్కువ శ్రేణిగా లెక్కించినందువల్లనే స్త్రీలకు అందులో ప్రవేశం లభించిందన్నది ఇక్కడ గమనించవలసిన వైరుధ్యం.

3. బోధన నుండి ప్రోగ్రామింగ్‌కు

గ్రేస్ హాపర్ 1934లో యేల్ విశ్వవిద్యాలయం నుండి గణితంలో డాక్టరేట్ పొంది, వాసర్ కళాశాలలో అధ్యాపకురాలిగా పనిచేశారు. 1943లో నౌకాదళ రిజర్వులో చేరి, మరుసటి ఏడాది హార్వర్డ్‌లోని మార్క్-1 యంత్రం వద్దకు వచ్చారు. 1952 నాటి ఆమె ‘ఎ-0’ కంపైలర్, తరువాతి ‘ఫ్లో-మాటిక్’ భాష కోబాల్‌కు దారి వేశాయి.

డొరతీ వాన్ జీవితంలో వృత్తి మార్పుకు వర్ణవివక్ష తోడైంది. వర్జీనియాలోని ఫార్మ్‌విల్‌లో గణితం బోధించిన ఆమె, 1943లో లాంగ్లీ ప్రయోగశాలలో గణకురాలిగా చేరారు. నల్లజాతి స్త్రీలకు అక్కడ పని విభాగమూ, భోజనపు బల్లా వేరు. 1949లో ఆమె ఆ విభాగానికి అధిపతి అయ్యారు. ఎలక్ట్రానిక్ యంత్రాలు వచ్చినప్పుడు ఫోర్ట్రాన్ నేర్చుకొని ఇతరులకు నేర్పారు. 1958లో నాసా ఏర్పడి ప్రత్యేక విభాగం రద్దయిన తరువాత మాత్రం ఆమె ఆశించిన పర్యవేక్షక పదవి మళ్లీ దక్కలేదు. కొత్త విద్య ఉద్యోగాన్ని నిలబెట్టిందే గాని హోదాను తిరిగి తేలేదు.

4. ఇంటి నుండి పని: పునఃప్రవేశ మార్గం

బ్రిటన్‌లో స్టెఫనీ షర్లీ 1962లో 6 పౌండ్ల పెట్టుబడితో ‘ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్’ సంస్థను స్థాపించారు. పిల్లలు పుట్టాక ఉద్యోగం వదిలిన ప్రోగ్రామర్లకు ఇంటి నుండి పని ఇవ్వడం దాని పద్ధతి. తొలి 300 మంది సిబ్బందిలో పురుషులు ముగ్గురే. స్త్రీ సంతకంతో పంపిన వ్యాపార లేఖలకు జవాబు రాకపోవడంతో ఆమె ‘స్టీవ్’ అని సంతకం చేయడం ప్రారంభించారు. కాంకర్డ్ విమానపు బ్లాక్ బాక్స్‌కు సంబంధించిన ప్రోగ్రామింగ్ ఈ సంస్థ చేసిన పనులలో ఒకటి. 1975లో లింగవివక్ష నిషేధ చట్టం వచ్చినప్పుడు స్త్రీలకే ప్రాధాన్యమిచ్చే ఆ విధానం చట్టవిరుద్ధమై, పురుషులను కూడా చేర్చుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఎనియాక్ స్త్రీలది కొత్త వృత్తిలోకి ప్రవేశం. షర్లీ సంస్థలో అధికులది వదిలిన వృత్తిలోకి పునఃప్రవేశం. మొదటిదానికి శిక్షణ ప్రధానమైతే, రెండవదానికి పనివేళల సడలింపు ప్రధానం.

5. మార్గం ఇరుకైన తీరు

ప్రోగ్రామింగ్ కష్టమైనదనీ, ఖరీదైనదనీ తెలిసిన కొద్దీ దాని హోదా పెరిగింది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో జరిగిన నాటో సదస్సు ‘సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్’ అనే పేరుకు ప్రచారం తెచ్చింది. 1960లలో సంస్థలు వాడిన అభిరుచి పరీక్షలు, వ్యక్తిత్వ పరీక్షలు మనుషులకన్నా యంత్రాలను ఇష్టపడే ఏకాంత పురుషుణ్ణి ఆదర్శ ప్రోగ్రామర్‌గా నిలబెట్టాయని నేథన్ ఎన్స్‌మెంగర్ వాదించారు. బ్రిటిష్ ప్రభుత్వ శాఖలు యంత్రాలు నడిపే స్త్రీలను తక్కువ శ్రేణిలో ఉంచి, నిర్వహణ స్థాయి పదవులను పురుషులకు ఎలా కేటాయించాయో మార్ హిక్స్ నిరూపించారు.

అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టభద్రులలో స్త్రీల వాటా 1984 ప్రాంతంలో సుమారు 37 శాతానికి చేరి, 2010 నాటికి 18 శాతం వరకు పడిపోయింది. ఈ క్షీణతకు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ అనుభవం ఒక సమాధానం సూచిస్తుంది. ప్రవేశాలలో ముందస్తు ప్రోగ్రామింగ్ అనుభవానికి ఇచ్చే ప్రాధాన్యాన్ని తొలగించడంతో పాటు ఇతర మార్పులు చేసిన తరువాత, కంప్యూటర్ సైన్స్‌లో చేరిన స్త్రీల వాటా 1995లోని 7 శాతం నుండి 2000 నాటికి 42 శాతానికి పెరిగింది. తగ్గినది స్త్రీల ఆసక్తి కాదు, కొత్తగా నేర్చుకొనేవారికి ఉన్న ప్రవేశమన్నమాట.

6. మరుగునపడిన చరిత్రను వెలికితీయడం

1980ల మధ్యలో హార్వర్డ్ విద్యార్థిని కాథీ క్లైమన్ ఎనియాక్ ఛాయాచిత్రాలలోని స్త్రీలు ఎవరని ప్రశ్నించినప్పుడు, యంత్రం అందంగా కనిపించేందుకు నిలబెట్టిన మోడళ్లన్న సమాధానం ఎదురైంది. తరువాత ఆమె వారిని వెతికి, వారి మాటలను నమోదు చేశారు. 1997లో ఆ ఆరుగురికీ గౌరవం దక్కింది. తెలుగు పాఠకులకు ఈ పద్ధతి పరిచితమే. తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల జ్ఞాపకాలను వారి మాటల్లోనే సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ను వెలువరించింది. సందర్భాలు వేరైనా, లిఖిత ఆధారాలు వదిలేసిన స్త్రీలను మౌఖిక ఆధారాలతో చరిత్రలోకి తేవడం రెండింటిలోనూ సమానం.

7. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

- తొలి దశలో వృత్తి మార్పు ద్వారా రావడం మినహాయింపు కాదు, సాధారణ మార్గం. వృత్తే కొత్తదైనందున అందరూ మరొక చోటు నుండి వచ్చినవారే.
- గణకురాలి క్రమశిక్షణ, ఉపాధ్యాయురాలి వివరణ సామర్థ్యం కొత్త పనిలో ఉపయోగపడ్డాయి.
- పని హోదా పెరిగిన దశలో అర్హతల నిర్వచనం మారి స్త్రీలకు ప్రతికూలమైంది.
- ప్రవేశ నియమాలు, పనివేళలు మారినప్పుడు స్త్రీల సంఖ్య పెరిగింది.

నేడు వేరే వృత్తి నుండి ఈ రంగంలోకి రాదలచిన స్త్రీ ఆలస్యంగా వచ్చిన అతిథి కాదు. ఆమె అనుసరిస్తున్నది ఈ వృత్తిని ఆరంభించినవారు నడిచిన దారినే. హైదరాబాద్ వంటి సాఫ్ట్‌వేర్ కేంద్రాలలో ఉపాధ్యాయ, గుమాస్తా వృత్తుల నుండి ఈ రంగంలోకి వచ్చిన తెలుగు స్త్రీల అనుభవాలను మౌఖిక చరిత్ర పద్ధతిలో సేకరించడం పరిశోధకులు చేపట్టదగిన పని. ఎనియాక్ స్త్రీల విషయంలో ఆ పని జరగడానికి దాదాపు 40 ఏళ్లు పట్టింది.