వృద్ధుల ఆశ్రయాలు: నాడు - నేడు



"మన ఇళ్ళలో పెద్దవాళ్ళని ఆశ్రమానికి పంపడమా? తౌబా తౌబా!" అనే మాట మన సమావేశాలలో తరచుగా వినబడుతుంది. ఆ మాట వెనుక ఉన్న మంచి మనసును నేను కాదనను. ముసలితనానికి చేరిన తల్లిదండ్రుల మీద విసుక్కోవడం కూడా తగదని దివ్య ఖుర్‌ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ సూరా ఆదేశిస్తున్నది. కాని కొడుకులిద్దరూ భార్యాపిల్లలతో గల్ఫ్‌లో ఉండిపోతే, ఇక్కడ ఎనభై ఏళ్ళు దాటిన తల్లి ఒంటరిగా ఉంటే ఏమి చెయ్యాలి? నిరుడు మా ఖాలా (మా అమ్మీకి చెల్లెలు) రాత్రివేళ స్నానాల గదిలో జారిపడి, తెల్లవారి పాలబ్బాయి తలుపు తట్టేదాకా అలాగే పడి ఉన్నది. ఆ తరువాతనే మేము ఆశ్రమాలు చూడడానికి బయలుదేరాము. బయలుదేరే ముందు ఈ విషయంలో మన పూర్వులు ఏమి చేశారో కొంత చదివాను. అదే ఇక్కడ మనవి చేస్తున్నాను.

దిక్కులేని వృద్ధుల పోషణ సమాజం బాధ్యత అనే భావన మనకు కొత్తది కాదు. ఖలీఫా హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీగా ఉన్న ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో ఒక ఉదంతం వ్రాశారు. హజ్రత్ ఉమర్ (రజి) చూపులేని ఒక ముసలి యూదుడు బిచ్చమెత్తడం చూసి, అతనికి బైతుల్ మాల్ నుంచి భృతి ఏర్పాటు చేయించారట. వయసులో ఉన్నప్పుడు అతనివద్ద పన్ను తీసుకుని, ముసలితనంలో వదిలిపెట్టడం న్యాయం కాదన్నదే ఆయన వాదన.

తరువాతి శతాబ్దాలలో ఈ బాధ్యతను వక్ఫ్‌లు తలకెత్తుకున్నవి. వక్ఫ్ అంటే ఆస్తి వ్రాసి ఇవ్వడం ఒక్కటే కాదు. ఆ ఆదాయం ఎవరికి, ఎంత, ఏ షరతుల మీద అందాలి, ఎవరు చూసుకోవాలి అన్నదంతా దస్తావేజులో స్పష్టంగా వ్రాయడం. కైరోలో సుల్తాన్ ఖలావూన్ 1284-85లో కట్టించిన ఆస్పత్రిలో స్త్రీ పురుష భేదం, ధనిక పేద భేదం, స్వదేశి పరదేశి భేదం లేకుండా అందరికీ ఉచిత వైద్యం అందించాలనీ, నయమయ్యేదాకా ఉంచుకోవాలనీ షరతు వ్రాశారు.

అదే కైరోలో 1285లో సుల్తాన్ బైబర్స్ కుమార్తె తజ్కర్‌బాయ్ ఖాతూన్ స్త్రీల కోసం ఒక రిబాత్ కట్టించింది. జైనబ్ బగ్దాదియ్యా అనే విదుషీమణి పేర నెలకొల్పినందువల్ల దానికి రిబాత్ బగ్దాదియ్యా అని పేరు వచ్చింది. విడాకులు పొందినవారు, భర్తలు వదిలేసినవారు మళ్ళీ పెళ్ళయ్యేదాకా, లేదా భర్త ఇంటికి తిరిగి వెళ్ళేదాకా అందులో గౌరవంగా ఉండేవారు. దానిని నడిపినది కూడా ఒక స్త్రీయే. నగరం వెలుపలి ఖరాఫా శ్మశాన ప్రాంతంలో వృద్ధ స్త్రీలకు, వితంతువులకు ఇటువంటి రిబాత్‌లే ఉండేవని చరిత్రకారుడు మఖ్రీజీ వ్రాశాడు. అంటే ఇల్లు లేని స్త్రీ ఒక సంస్థ నీడలో ఉండడాన్ని ఆనాటివాళ్ళు తలవంపుగా భావించలేదన్నమాట.

ఇంకా దగ్గరి కాలానికి వస్తే, ఇస్తాంబుల్‌లో సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ నెలకొల్పిన 'దారుల్ అజజా' 1896లో తెరవబడింది. అశక్తుల ఇల్లు అని ఆ పేరుకు అర్థం. ఆ ఆవరణలో మసీదు, చర్చి, యూదుల ప్రార్థనాలయం మూడూ ఉన్నవి. ఆశ్రయం ఇచ్చినందుకు బదులుగా ఎవరి మతాన్నీ అడగలేదు. ఆ సంస్థ నేటికీ నడుస్తూనే ఉన్నది.

ఇతరుల సేవను కూడా ఒప్పుకోవాలి. ఫ్రాన్సులో జాన్ జుగాన్ అనే పేదరాలు 1839లో చూపులేని ఒక ముసలమ్మను ఇంటికి తెచ్చి, తన మంచమే ఆమెకు ఇచ్చింది. ఆ మంచంతో మొదలైన 'లిటిల్ సిస్టర్స్ ఆఫ్ ది పూర్' 1882లో కలకత్తాకు వచ్చింది. మన సికింద్రాబాదులోనూ వారి వృద్ధాశ్రమం ఉన్నది. మనవాళ్ళు యతీంఖానాలు చాలా కట్టారు, సంతోషం. కాని అనాథ పిల్లలమీద పెట్టిన శ్రద్ధ అనాథ వృద్ధులమీద పెట్టామా అని మనల్ని మనమే అడిగి చూసుకోవాలి.

ప్రభుత్వం 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం చేసింది. 60 ఏళ్ళు నిండినవారు, తమను తాము పోషించుకోలేకపోతే, సంతానంనుంచి పోషణ కోరవచ్చు. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి వ్రాయించుకుని చూడకపోతే, ఆ బదిలీని రద్దు చేయించుకోవచ్చు. నిరుపేద వృద్ధుల కోసం జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, 150 మందికి చోటు ఉండేటట్లు, క్రమంగా ఏర్పాటు చేయవచ్చునని 19వ సెక్షన్‌లో ఉన్నది.

ఇక మేము చూసిన ఆశ్రమాల సంగతి. మొదటిది అద్దంలా మెరిసే గచ్చు, గేటు దగ్గర పూలకుండీలు. కాని షరతుల కాగితం ఇంటికి తీసుకెళ్ళి చదువుకుంటామంటే ఇవ్వలేదు. డిపాజిట్ తిరిగి ఇస్తారా అంటే మాట దాటవేశారు. మంచాన పడితే? "అప్పుడు మీరు తీసుకెళ్ళాలి" అన్నారు. రెండవది పాత పెంకుటిల్లు. మేము చెప్పకుండా మగ్రిబ్ వేళకు వెళ్ళాము. రాత్రి కాపలాకు ఒక ఆయా ఉన్నది. స్నానాల గదిలో గోడకు పట్టుకునే కడ్డీలు ఉన్నవి. షరతులన్నీ తెలుగులో అచ్చువేసి చేతికిచ్చారు. వంటలో మాంసం లేదు కనుక హలాల్ చిక్కు లేదు; సహరీకి అన్నం వేడిచేసి ఇస్తామన్నారు. ఎవరైనా పోతే వాళ్ళ జమాత్‌కు కబురు చేస్తామనీ, జనాజా మనవాళ్ళే జరుపుకోవచ్చుననీ కాగితంలోనే ఉన్నది.

ఇన్ని ప్రశ్నలు మేము వేశాక, ఖాలా ఒక్కటే అడిగింది: "నా పెట్టె తాళంచెవి నా దగ్గరే ఉంటుందా బేటా?" ఉంటుందన్నారు. "అయితే ఒక నెల ఉండి చూస్తాను" అన్నది. మేమంతా చేసిన విచారణ ఒక ఎత్తు, ఆమె అడిగిన ఆ మాట ఒక ఎత్తు. ఆశ్రమాన్ని పరీక్షించవలసింది మనమే కాదు, అందులో ఉండబోయే మనిషి కూడా.

మన పూర్వుల దస్తావేజుల సారాంశం ఇదే అనుకుంటాను. ఆశ్రయం అంటే గోడలు కాదు, వ్రాతమూలకమైన షరతులు, వాటిని అమలు జరిపించే కన్ను. మనిషిని చేర్చినంత మాత్రాన ఆ కన్ను మూసుకోకూడదు. ఖాలా అక్కడ కుదురుకున్నది. కొడుకులు రోజూ ఫోన్ చేస్తారు. ప్రతి జుమా మా ఇంటినుంచో పక్కింటినుంచో ఒకరు వెళ్ళి వస్తున్నాము. ఇటువంటి విచారణ పత్రం ఒకటి తయారుచేసి, అవసరమైన కుటుంబానికి తోడుగా ఇద్దరు సభ్యులను పంపే ఏర్పాటు మన సంఘం చెయ్యాలని నా మనవి. ఇంట్లో ఉన్నా, ఆశ్రమంలో ఉన్నా, మన పెద్దల దువా మనకు దక్కేటట్లు అల్లాహ్ మనల్ని నడిపించుగాక! ఆమీన్.