మేపుల్ పాకం: అడవి కాగుల నుంచి పెరటి పొయ్యి దాకా

ఉత్తర అమెరికా ఖండపు ఈశాన్య భాగంలో, అంటే నేటి కెనడాలోని క్యూబెక్, ఒంటారియో రాష్ట్రాలలోను, అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని వెర్మాంట్, న్యూయార్క్, మెయిన్ ప్రాంతాలలోను విస్తారంగా పెరిగే చక్కెర మేపుల్ చెట్టు మానుకు చలికాలం చివర బెజ్జం వేస్తే నీళ్లలాంటి పలుచని రసం కారుతుంది. ఎండాకాలంలో ఆకులు తయారుచేసిన చక్కెరను ఈ చెట్టు పిండిపదార్థంగా మార్చి మానులో దాచుకొని, చలి సడలే వేళకు తిరిగి చక్కెరగా మార్చుకుంటుంది. రాత్రి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే దిగువకు పడిపోయి, పగలు అంతకు మించి పెరిగే రోజులలోనే రసం బాగా కారుతుంది; ఎందుకంటే రాత్రి కలపలో మంచు కట్టేటప్పుడు చెట్టు వేళ్ల ద్వారా నీటిని పైకి లాక్కుంటుంది, పగలు ఆ మంచు కరిగినప్పుడు కలప నారలలో అణగి ఉన్న వాయువు వ్యాకోచించి, రసాన్ని ఎక్కడ సందు దొరికితే అక్కడి నుంచి బయటికి నెడుతుంది.

తాటి గెల కోసి తీసే నీరాలో నూటికి పదిపాళ్లకు పైగా చక్కెర ఉంటే మేపుల్ రసంలో ఉండేది సుమారు రెండు పాళ్లే. అందువల్ల తాటిబెల్లం కాచేవారికి తెలియని కష్టం ఒకటి మేపుల్ కాచేవారికి మొదటి నుంచీ ఉంది. ఒక లీటరు పాకం కోసం దాదాపు 40 లీటర్ల రసం కాచవలసి రావడమే ఆ కష్టం. మిగిలిన 39 లీటర్ల నీటిని తక్కువ కట్టెలతో, తక్కువ శ్రమతో వదిలించుకోవడానికి తరతరాలుగా సాగిన ప్రయత్నమే ఈ విద్య చరిత్రలో అధికభాగం.

ఈ విద్యకు ఆద్యులు ఆ నేల మూలవాసులైన అనిషినాబే, అబెనకి, మిక్‌మాక్, హోడెనోషోని జాతులవారు. మంచు కరగడం మొదలవగానే అనిషినాబే కుటుంబాలు శీతాకాలపు వేట మకాముల నుంచి మేపుల్ తోపులకు తరలివచ్చేవి. ఏ తోపు ఏ కుటుంబానిదో ముందే నిర్ణయమై ఉండేది. కాపు పనిలో పెత్తనం ఎక్కువగా స్త్రీలది. మానుపై గొడ్డలితో ఏటవాలుగా గాటు పెట్టి, దాని కిందికొసన చెక్క మేకు దిగగొట్టి, దాని వెంట జారే రసాన్ని భూర్జపత్రపు బెరడుతో కుట్టిన తొట్లలో పట్టేవారు. ముదిరిన పాకాన్ని చెక్క దోనెలో పోసి తెడ్డుతో ఆపకుండా రుద్దితే అది ఇసుకలాంటి పొడి చక్కెరగా రాలేది. ఇంకొంత పాకాన్ని అచ్చులలో పోసి బెల్లపు దిమ్మలుగా చేసేవారు. మరికొంత మంచుపై పోస్తే సాగే జిగురు మిఠాయిగా బిగిసి పిల్లలకు అందేది. పాకం నిలవ ఉండదు కనుక, బెరడు పెట్టెలలో ఏడాది పొడవునా దాచుకోగలిగిన పొడి చక్కెరకే విలువ ఎక్కువ.

యూరోపియన్ల రాకకు ముందు, లోహపు కాగులు లేని కాలంలో మూలవాసులు నిజంగా చక్కెర దాకా కాచగలిగేవారా అన్న విషయంపై పండితుల మధ్య చాలాకాలం వాదం నడిచింది. యూరోపియన్లు తెచ్చిన ఇనుప కాగే చక్కెరకు మూలమన్న వాదన మూలవాసుల నేర్పును తక్కువచేసి చూస్తుంది. నీటిని తొలగించడానికి నిప్పు ఒక్కటే దారి కాదు. 1755లో మూలవాసులకు బందీగా చిక్కి కొన్నేళ్లు వారి మధ్య జీవించిన జేమ్స్ స్మిత్, పెద్ద కాగులు లేని ఒక ఏడు వారు రసాన్ని వెడల్పాటి బెరడు తొట్లలో రాత్రంతా గడ్డకట్టనిచ్చి, పైన పేరుకున్న మంచును ఎత్తి పారవేయడం చూసి గ్రంథస్థం చేశాడు. మంచు కట్టేటప్పుడు నీరే ముందు గడ్డకడుతుంది కనుక అడుగున మిగిలేది చిక్కని తీపి రసం. రెండు శతాబ్దాల తరువాత ఇంజనీర్లు మరో రూపంలో చేరుకున్నది కూడా నిప్పు లేకుండా నీటిని తొలగించే ఈ సూత్రానికే.

ఫ్రెంచి వలసవారు పదిహేడవ శతాబ్దంలో ఈ రసాన్ని గురించి మూలవాసుల వద్దనే తెలుసుకున్నారు. వారి రాకతో ఇనుప, రాగి కాగులు వ్యాపించాయి. చెట్టును లోతుగా గాయపరిచే గొడ్డలి గాటుకు బదులు బర్మాతో సన్నని బెజ్జం తొలిచి చెక్క గొట్టం దిగగొట్టే పద్ధతి క్రమంగా స్థిరపడింది. చెట్టు దశాబ్దాలపాటు రసమివ్వడానికి తోడ్పడిన మార్పు కావడం వల్ల ఈ చరిత్రలో దీనికి దక్కవలసిన స్థానం పెద్దది.

పద్దెనిమిదవ శతాబ్దం చివర మేపుల్ చక్కెర నైతిక, రాజకీయ ప్రశ్నగా మారింది. వెస్టిండీస్ దీవుల చెరకు తోటలలో పంచదార పండించినది ఆఫ్రికా నుంచి బలవంతంగా తెచ్చిన బానిసలు. ఆ పంచదారను వదిలి స్వేచ్ఛాజీవులైన రైతులు తమ అడవులలో కాచే చక్కెరను వాడాలని ఫిలడెల్ఫియాలోని క్వేకర్ క్రైస్తవ శాఖవారు, వైద్యుడు బెంజమిన్ రష్ వంటివారు కోరారు. రష్ 1791లో ఈ విషయమై థామస్ జెఫర్సన్‌కు సుదీర్ఘమైన లేఖ రాశాడు. అదే ఏడు జెఫర్సన్ లాంగ్ ఐలండ్ నర్సరీ నుంచి మేపుల్ మొక్కలు తెప్పించి వర్జీనియాలోని తన మాంటిచెల్లో ఎస్టేటులో నాటించాడు. ఆ తోపు నిలదొక్కుకోలేదు. న్యూయార్క్ అడవులలో భూవ్యాపారి విలియం కూపర్ ప్రభృతులు తలపెట్టిన చక్కెర వ్యాపారమూ ఆశించిన లాభం ఇవ్వలేదు. తన ఎస్టేటులో వందలమంది బానిసలను ఉంచుకున్న జెఫర్సన్ బానిసల చెమట అంటని చక్కెర కోసం ఉవ్విళ్లూరడం ఆ యుగపు వైరుధ్యాన్ని చూపుతుంది. అయినా, నోటిలో వేసుకునే తీపి ఎవరి కష్టంతో వచ్చిందని సామాన్య వినియోగదారుడు ఆలోచించాలన్న భావం వ్యాపించడంలో మేపుల్‌కు పాత్ర ఉంది.

అంతర్యుద్ధానికి ముందు, 1860 జనాభా లెక్కల నాటికి, అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మేపుల్ చక్కెర ఉత్పత్తి సుమారు 4 కోట్ల పౌండ్లు. ఆ రోజులలోనే పనిముట్లు మారాయి. లోతైన కాగులో కంటే వెడల్పాటి పళ్లెంలో నీరు త్వరగా ఆవిరవుతుందన్న గ్రహింపుతో చదును అడుగు గల రేకు పళ్లేలు వచ్చాయి. రసం ఒక మూల నుంచి ప్రవేశించి అడ్డుగోడల మధ్య మెలికలు తిరుగుతూ ముందుకు సాగి, మరో మూలకు చేరేసరికి చిక్కబడే పళ్లానికి 1858లో ఒహాయోకు చెందిన డి. ఎం. కుక్ పేటెంటు పొందాడు. అయితే చెరకు పంచదార రానురాను చౌకై పంతొమ్మిదో శతాబ్దం చివరికి మేపుల్ చక్కెరను బజారు నుంచి వెనక్కి నెట్టింది. నిలవ ఉండదని ఒకప్పుడు పక్కనపెట్టిన పాకమే, గాలి చొరని రేకు డబ్బాల పుణ్యాన, ప్రధాన సరుకుగా నిలిచింది. నిత్యావసరం ప్రత్యేక రుచిగా మారిన ఘట్టం ఇదే. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో బకెట్ల స్థానంలో ప్లాస్టిక్ గొట్టాల వలలు, తరువాత వాక్యూమ్ పంపులు, 1970ల నుంచి రివర్స్ ఆస్మాసిస్ యంత్రాలు వచ్చాయి. రసాన్ని సూక్ష్మరంధ్రాల పొర గుండా బలంగా నెట్టి చక్కెరను నిలిపి నీటిని వేరుచేసే ఈ యంత్రం, నిప్పు లేకుండానే చిక్కబరిచే మూలవాసుల ఉపాయానికి వారసురాలు. నేడు ప్రపంచపు మేపుల్ పాకంలో సుమారు 70 శాతం క్యూబెక్‌లోనే తయారవుతోంది.

యంత్రాలు పెరుగుతున్న కాలంలోనే పెరటి కాపు మళ్లీ ఆదరణ పొందింది. 1932లో వెర్మాంట్‌కు తరలివెళ్లిన స్కాట్, హెలెన్ నియరింగ్ దంపతులు 1950లో మేపుల్ చక్కెరపై గ్రంథం ప్రచురించారు. 1972లో అధ్యాపకుడు నోయెల్ పెరిన్ ఔత్సాహికుడి దృష్టితో ‘అమెచ్యూర్ షుగర్ మేకర్’ రాశాడు. పెరటిలో రెండుమూడు చెట్లున్న కొత్తవారు నేడు చేసే పనిలో పాత దశలన్నీ పక్కపక్కనే కనిపిస్తాయి. మాను అడ్డుకొలత కనీసం 25, 30 సెంటీమీటర్లు ఉంటేనే ఒక బెజ్జం వేస్తారు. 8 మిల్లీమీటర్ల బర్మాతో, కొంచెం పైవాలుగా, 4, 5 సెంటీమీటర్ల లోతుకు తొలిచి గొట్టం మెల్లగా దిగగొడతారు. పాత రేకు బకెట్ల అతుకులలో సీసం ఉండే అవకాశం ఉన్నందున ఆహారానికి పనికివచ్చే ప్లాస్టిక్, స్టెయిన్‌లెస్ స్టీలు పాత్రలే వాడాలని నిపుణుల సలహా. రసం పాలలాగే త్వరగా పాడవుతుంది కనుక చల్లగా ఉంచి కొద్దిరోజులలోనే కాయాలి. అంత ఆవిరి ఇంట్లోకి చేరకుండా పొయ్యి ఆరుబయట పెట్టడం మేలు. నీరు మరిగే ఉష్ణోగ్రత కంటే దాదాపు 4 డిగ్రీల సెల్సియస్ ఎక్కువకు చేరినప్పుడు అది పాకమైనట్టు. నీరు మరిగే స్థాయి వాతావరణ పీడనాన్ని బట్టి మారుతుంది కాబట్టి కాచే రోజున ముందు నీటిని మరిగించి చూసుకోవాలి. అడుగుకు చేరే ఖనిజపు నలుసులను మందపాటి ఉన్నిగుడ్డలో వేడివేడిగా వడకడతారు. మొగ్గలు ఉబ్బాక కారే రసం రుచి చెడుతుంది కనుక అప్పటికే గొట్టాలు ఊడదీస్తారు. బెజ్జాన్ని ఏ బిరడాతోనూ మూయరు, చెట్టే దాని చుట్టూ కొత్త కలపను పెంచి గాయాన్ని మూసుకుంటుంది, మరుసటేడు కొత్త బెజ్జాన్ని పాతదానికి దూరంగా వేస్తారు.