యూరియా కంటే ముందు నీళ్లు

సూర్యాపేట ప్రాంతంలో సేద్యం ఎలా మారిందో చెప్పబోయి అందరూ యూరియా బస్తా దగ్గరే ఆగిపోతారు. నేలను అసలు తిరగేసింది నీళ్లేనని నా వాదన. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాల్వలకు నీళ్లు వదిలాక మిర్యాలగూడ, కోదాడ చెల్కలు మాగాణిగా మారాయి. మోతె వైపు శ్రీరాంసాగర్ రెండో దశ కాల్వ చాలా ఆలస్యంగా చేరింది. జొన్న, కంది, పెసర పండిన మెట్ట నేలలో గాలి ఆడుతుంది. గొర్రెల మంద పెంట వల్లా, పప్పుపైర్ల వేరు బుడిపెల వల్లా చేరిన నత్రజనిని అక్కడి సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చి పైరుకు అందించేవి. అదే నేలను దమ్ము చేసి నీళ్లు నిలిపితే కొద్ది రోజుల్లోనే ఆక్సిజన్ అయిపోతుంది. అప్పుడు బ్యాక్టీరియా ముందు నైట్రేటుతో, అదీ అయిపోయాక మాంగనీసుతో, ఆపైన ఇనుముతో ఊపిరి తీసుకుంటుంది. ఎర్ర చెల్కకు ఆ రంగునిచ్చే ఇనుప ఆక్సైడే నేలలోని విష మూలకం ఆర్సెనిక్‌నూ పట్టి ఉంచుతుంది. ఇనుము కరిగిందా, ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. సిలికా వెళ్లే దారిలోనే వరి దాన్నీ పీల్చుకుంటుంది.

కరిగిన ఇనుమును నైట్రేటు సాయంతో మళ్లీ తుప్పుగా మార్చే బ్యాక్టీరియా కూడా ఉందని 1996లో జర్మనీ శాస్త్రవేత్తలు చూపారు. అలాగైతే యూరియా దండిగా చల్లితే మేలేగా అని అడగవచ్చు. కానీ గాలి లేని బురదలో యూరియా అమ్మోనియం దగ్గరే ఆగుతుంది. నైట్రేటుగా మారేది పలుచని పైపొరలో, వేళ్ల చుట్టూ మాత్రమే. అదీ కిందికి జారగానే వాయువై పోతుంది. మరి కాకతీయుల సామంతులైన రేచర్ల రెడ్ల పిల్లలమర్రి కాలం నుంచీ చెరువుల కింద వరి లేదా? ఉంది. అయితే చెరువు ఎండినన్ని నెలలు మడీ ఎండేది, ఇనుము మళ్లీ గట్టిపడేది. వానకాలం మీద యాసంగి వరి పడ్డాక ఆ విరామం కుదించుకుపోయింది. లోహాలను సూక్ష్మజీవులు పుట్టించవన్న మాటా నిజమే. అవి రాతి నుంచో, ఫాస్ఫేటు ఎరువు నుంచో, హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ నుంచో రావాలి. వచ్చిన లోహం కదలకుండా ఉంటుందా, గింజలోకి ఎక్కుతుందా అన్నదే సూక్ష్మజీవుల చేతిలో ఉంది.

మడిని ఆరబెడితే సరిపోతుందనడం తొందరపాటు. మరో విష లోహమైన కాడ్మియం తీరు ఆర్సెనిక్‌కు పూర్తిగా ఎదురు: నీటి కింద గంధకంతో కలిసి గట్టిగా ఉంటుంది, ఆరితే వదులవుతుంది. అమ్మోనియం నైట్రేటుగా మారేటప్పుడు పుట్టే ఆమ్లం దానికి తోడవుతుంది. సున్నం ఉన్న నల్లరేగడి ఆ ఆమ్లాన్ని తట్టుకున్నంతగా ఎర్ర చెల్క తట్టుకోలేదు. 1968లో ఎముకలను పెళుసుబార్చే ఇతాయి-ఇతాయి జబ్బుకు కాడ్మియమే కారణమని ఒప్పుకున్న జపాన్, కాడ్మియం ఉన్న పొలాల్లో వరి ఈనడానికి ముందూ తర్వాతా మూడేసి వారాలు మడి ఆరనివ్వదు. నీటి కొరత వల్ల సాగర్ ఆయకట్టుకు వచ్చిన ఆన్ అండ్ ఆఫ్ (కొన్నాళ్లు వదిలి కొన్నాళ్లు ఆపే) విడుదలలో మాత్రం తేదీలు జలాశయం మట్టాన్ని చూసి పెడతారు, పైరు ఈనిక చూసి కాదు.