386: ఒక కొనుగోలు కథ

ఆమధ్య మా మేనల్లుడు ఇంటికి వచ్చి, నా కంప్యూటరును చూసి జాలిపడ్డాడు. "మావయ్యా, ఇదింకా పనిచేస్తోందా?" అన్నాడు. 2014లో విడిభాగాలు కూర్పించి తెచ్చుకున్న యంత్రం. నాలుగో తరం ఐ3 ప్రాసెసరు, 8 గిగాబైట్ల మెమొరీ. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 చూస్తే, ఎనిమిదో తరానికి ముందువైన ఇలాంటి ప్రాసెసర్లను అధికారికంగా దగ్గరికి రానివ్వదు. కనుక దీన్ని సాగనంపి, మంచి గ్రాఫిక్స్ కార్డున్న శక్తిమంతమైన డెస్క్‌టాప్ కొనమని అతని సలహా. "తాతయ్య చేతిరాతను అదే చదివి టైపు చేసిపెడుతుంది, నీకు శ్రమ ఉండదు" అని ఆశకూడా పెట్టాడు.

అంచనా లక్షన్నర దాకా తేలింది. సరిగ్గా అంత మొత్తమే, మా నాన్నగారు పదకొండు నోటుపుస్తకాలలో రాసి వదిలివెళ్ళిన వ్యాసాలను అచ్చువేయించడానికి నేను విడిగా దాచి ఉంచాను. యంత్రం కొంటే పుస్తకం వెనక్కి పోతుంది. కొనకపోతే పుస్తకమే ఎప్పటికీ తయారు కాదేమోనని భయం. ఇటువంటి సందిగ్ధం కలిగినప్పుడల్లా చరిత్రలోకి తొంగిచూడటం నాకున్న దురలవాటు. ఈసారి అది నన్ను 386 అనే ఒక పాత ప్రాసెసరు దగ్గరికి తీసుకుపోయింది.

ఇంటెల్ సంస్థ 80386ను 1985 అక్టోబరులో వెలువరించింది. 2,75,000 ట్రాన్సిస్టర్లు, 32 బిట్ల నిర్మాణం. దానికి ముందున్న 286 ప్రాసెసరు 16 మెగాబైట్ల మెమొరీని మాత్రమే గుర్తించగలిగితే, ఇది 4 గిగాబైట్ల వరకు గుర్తించగలదు. ఒకేసారి అనేక పనులను, ఒకదాని జాగాలోకి మరొకటి చొరబడకుండా నడిపించే ఏర్పాట్లు దాని కడుపులోనే ఉన్నాయి. అంతకు మునుపు పెద్ద సంస్థల గదులలో కొలువుండే యంత్రాలకే దక్కిన వైభవమది.

అప్పట్లో వ్యక్తిగత కంప్యూటర్ల రంగానికి పెద్దదిక్కు ఐ.బి.యం. ఆ సంస్థ ఏది చేస్తే తక్కినవారు దాన్ని అనుకరించడం ఆనవాయితీ. ఈసారి ఆ ఆనవాయితీ తప్పింది. 1982లో హ్యూస్టన్‌లో పుట్టిన కాంపాక్ సంస్థ, 1986 సెప్టెంబరులో డెస్క్‌ప్రో 386 పేరిట కొత్త యంత్రాన్ని ముందుగా బజారులో పెట్టింది. ఐ.బి.యం. తన తొలి 386 యంత్రాన్ని ప్రకటించింది 1987 ఏప్రిల్‌లో. డెస్క్‌ప్రో వెల, 40 మెగాబైట్ల హార్డుడిస్కుతో కలిపి, 6,499 డాలర్లు. డాలరుకు పన్నెండు, పదమూడు రూపాయలున్న ఆ కాలంలో సుమారు ఎనభై వేల రూపాయలన్నమాట.

అంత సొమ్ము పోసి కొన్నవారికి దక్కిందేమిటి? యంత్రం శక్తిమంతమైనదే గాని, దానిమీద నడిచేది పాత డాస్. 1981 నాటి ఐ.బి.యం. పి.సి. కోసం పుట్టిన డాస్‌కు 32 బిట్లతో పరిచయం లేదు. డాస్ ఎదుట 386 తన విద్యలన్నీ దాచుకుని, మిక్కిలి చురుకైన పాత 8086లా నటించవలసివచ్చేది. 4 గిగాబైట్లను చేరుకోగల ప్రాసెసరుకు 640 కిలోబైట్ల ప్రహరీగోడ! ఏనుగును కొని పెరట్లో గుంజకు కట్టేసినట్టు.

వేగమూ లాభమే, కాదనను. లోటస్ 1-2-3లో పెద్ద పెద్ద లెక్కలు వేసేవారు, ఆటోక్యాడ్‌తో భవనాల నమూనాలు గీసేవారు అప్పటిదాకా తెర వైపు చూస్తూ పొద్దుపుచ్చేవారు. గంట పని అరగంటలో తెమిలితే, జీతం లెక్కన చూసుకున్నా వారికి పెట్టుబడి తిరిగి వస్తుంది. ఉత్తరాలు టైపు చేసుకునేవారి సంగతి వేరు. అక్షరం మీద అక్షరం నొక్కే వేలికి 286 అయినా ఒకటే, 386 అయినా ఒకటే.

కాని కొనుగోలుదారులు నమ్ముకున్నది మరొకటుంది: యంత్రానికి తగిన సాఫ్టువేరు రేపో మాపో రాకపోతుందా అని. ఆ రేపు చాలా ఆలస్యంగా వచ్చింది. 1987 డిసెంబరులో వెలువడిన ఓ.ఎస్./2ను 286ను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారు. దాని 32 బిట్ల రూపం రావడానికి 1992 పట్టింది. సామాన్యుల బల్లల మీదికి విండోస్ 95 వచ్చేసరికి 386 కన్ను తెరిచి పదేళ్ళయింది. రాబోయే సాఫ్టువేరు కోసమని 1986లో కొన్నవాడు, అది వచ్చేనాటికి మరో యంత్రం కొనుక్కోక తప్పలేదు.

ఇక్కడితో ఆగి ఉంటే, "చూశావా, తొందరపడి కొనరాదు" అని మేనల్లుడికి నీతి చెప్పి చేతులు దులుపుకునేవాణ్ణి. కాని ఈ కథకు రెండో అధ్యాయముంది.

హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ 1991 జనవరి 5న 386 కంప్యూటరు ఒకటి వాయిదాల మీద కొన్నాడు. అప్పటికి అతని వయసు 21. ఆండ్రూ టానెన్‌బామ్ రాసిన నిర్వహణ వ్యవస్థల పుస్తకం చదివి ఉన్నాడు. అందులో వివరించిన మినిక్స్ వ్యవస్థను తెప్పించుకున్నాడు. అవి చేతికందేదాకా ఆ కొత్త యంత్రం మీద ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆట ఆడుతూ కూర్చున్నాడట. చూసే పెద్దవారికి ఎవరికైనా ఏమనిపిస్తుంది? అప్పు చేసి ఆటబొమ్మ కొన్నాడనే కదా! నన్నడిగి ఉంటే నేనూ వద్దనే చెప్పేవాణ్ణి.

కాని అతనికి ఆ ప్రాసెసరుతోనే పనుంది. ఒకేసారి అనేక పనులను నడిపించే ఆ ఏర్పాట్లను, తక్కినవారు ముట్టుకోని వాటిని, స్వయంగా నడిపి చూడాలన్నది అతని కోరిక. ఇంటినుంచి విశ్వవిద్యాలయపు యూనిక్సు యంత్రంతో మాట్లాడటానికి రాసుకున్న చిన్న ప్రోగ్రాము పెరిగి పెరిగి నిర్వహణ వ్యవస్థగా మారింది. 1991 ఆగస్టు 25న ఆ సంగతిని మినిక్స్ వాడుకరులకు తెలియజేశాడు. సెప్టెంబరులో తొలి కూర్పు వెలువడింది. అదే లినక్సు. తరువాత దాన్ని వాడేవారు చందాలు వేసుకుని, అతని కంప్యూటరు బాకీ తీర్చడానికి సాయపడ్డారు.

ఒకే ప్రాసెసరు, ఇద్దరు కొనుగోలుదారులు. ఒకడు అది ఏమేమి చేయగలదో చూసి కొన్నాడు. రెండోవాడు దానితో తాను చేయవలసిన పనిని చూసుకుని కొన్నాడు. బేరం గిట్టుబాటవునో కాదో తేల్చింది యంత్రపు శక్తి కాదు, కొన్నవాడి చేతిలో అడ్డంపడి ఆగిన పని.

ఆగిన పని అంటే ఏమిటో మనకు తెలియనిది కాదు. యూనికోడు తొలి కూర్పు వెలువడినదీ 1991లోనే, అందులో తెలుగుకు చోటున్నది. కాని విండోస్ 98 ఉన్న నా మొదటి కంప్యూటరులో తెలుగు పుట తెరిస్తే కనబడినవి వరుసగా పేర్చిన డబ్బాలు. 2005లో మెమొరీ 128 మెగాబైట్ల నుంచి 256కు పెంచి, ఎక్స్‌పీ ఎక్కించి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, మళ్ళీ తెరిచాను. డబ్బాలు పోయి అక్షరాలు నిలబడ్డాయి. ఆనాటి ఖర్చుకు ఒక్క రూపాయి కూడా నేను చింతించలేదు. మీలో చాలామందిదీ ఇదే అనుభవమై ఉంటుంది.

అందుచేత ఇప్పుడు నన్ను నేను అడుగవలసిన ప్రశ్న ఒక్కటే: ఈ పాత యంత్రం వల్ల నా పని ఎక్కడ ఆగింది? పరీక్షించి చూద్దామని నాన్నగారి నోటుపుస్తకంలో మూడు పుటలు స్కాను చేసి, అక్షరాలు గుర్తించే సాఫ్టువేరుకు ఇచ్చాను. ఆయనది గొలుసుకట్టు రాత. "ధర్మకర్తలు" అని ఆయన రాసినది నాకు వచ్చేసరికి ఏ భాషకూ చెందని మాటయింది. మేనల్లుడి కొత్త కంప్యూటరులోనూ అవే పుటలు వేసి చూశాం. తప్పులు త్వరగా వచ్చాయి, అంతే తేడా. అతను నవ్వేసి, "తాతయ్య గెలిచాడు మావయ్యా" అన్నాడు.

ఆ రాత చదవగలిగినవాణ్ణి ఇప్పుడు మా ఇంట్లో నేనొక్కణ్ణే. యంత్రం నాకోసం ఎదురుచూస్తోంది గాని, నేను యంత్రం కోసం ఎదురుచూడటం లేదు. కనుక పాత హార్డుడిస్కు తీసేసి ఎస్.ఎస్.డి. ఒకటి వేయించాను. దానిమీద లినక్సు ఎక్కించుకున్నాను. మొత్తం కొన్ని వేలతో పోయింది. 386కు లినక్సు తన మద్దతును 2012 డిసెంబరులో తొలగించింది. పుట్టిన ఇంటిని అది అలా వదిలేసినా, నా పదకొండేళ్ళ పైబడిన యంత్రాన్ని మాత్రం ఇంకా ఆదరిస్తోంది.

రేపు ఆ గొలుసుకట్టు రాతను చదవగలిగే సాఫ్టువేరు నిజంగా వచ్చి, దానికి నా యంత్రం చాలకపోతే, ఆనాడు సందేహించకుండా కొంటాను. అప్పటిదాకా పుస్తకం సొమ్ము పుస్తకానికే. ఆరు నోటుపుస్తకాలు పూర్తయ్యాయి. ఏడోది నిన్న రాత్రి మొదలుపెట్టాను.