సోదరుని మూలుగ

మూలుగ యనగా ఎముకలోని కొవ్వని మనవారిలో ననేకుల తలంపు. మన యొంటినెత్తురు పుట్టుచోటు అదియే. ఆ పుట్టుచోటునకే రాచపుండువంటి వ్యాధి తగిలినయెడల నేమగును?

1845వ సంవత్సరమున ఎడింబరోలో బెన్నెట్టును, బెర్లినులో విర్ఖోవును, ఒకరి సంగతి యొకరెరుగకయే, మృతులైన రోగుల రక్తమును పరీక్షించి విస్మితులైరి. అందు తెల్లకణములు మితిమీరి యుండెను. బెన్నెట్టు దానిని చీమనుకొనెను. విర్ఖోవు కాదని వాదించి, 1847లో ‘తెల్లనెత్తురు’ అను నర్థము వచ్చునట్లు ల్యుకీమియా యని పేరిడెను. పేరు దొరకెను గాని మందు దొరకలేదు.

1957లో అమెరికాదేశపు డానల్ టామసు ఆర్గురు రోగులకు పరుల మూలుగను రక్తనాళముగుండ నెక్కించిన వృత్తాంతమును ప్రకటించెను. నూరుదినములు దాటి బ్రదికినవా రొక్కరును లేరు. మరియొకడైన నంతటితో విరమించియుండును! 1958లో పారిసున డోసె యను పండితుడు తెల్లకణములపై నుండు గుర్తులలో మొదటిదానిని కనుగొనెను. ఈ గుర్తులు కలిసినచో పరుల మూలుగ రోగియొంట నిలుచుట సులభమగును. ఏకోదరులలో నవి పూర్తిగా కలియుట నాలుగింట నొకపాలు. కావున అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రే ఉత్తమదాతలైరి. 1977లో టామసు మరల లెక్క చూపెను: ఇతర చికిత్సలు ఫలింపని నూరుగురిలో 13 మంది వ్యాధి లేక జీవించియుండిరి. ఆయనకు 1990లో నోబెలు బహుమానము వచ్చెను. మనదేశమున నీచికిత్స 1983లో బొంబాయి టాటా ఆసుపత్రియందు మొదలయ్యెను.

ఇంతలో నొక చిక్కు బయల్పడెను. నెత్తుటి క్యాన్సరులలో అధికభాగము వంశమునుబట్టి వచ్చునవి కావు. కాని కొన్ని యట్టివి కలవు. 1999లో నొక జన్యువు దోషము, 2015లో డీడీఎక్స్41 అను మరియొకదాని దోషము తెలియవచ్చెను. ఈ రెండవది మిక్కిలి గుట్టయినది. అది కలవారు చిరకాల మారోగ్యముగానే యుందురు. రోగము తరచుగా అరువదియేండ్ల ప్రాంతమున గాని పొడసూపదు. అనేకులకు రానే రాదు. సంబంధము కలుపుకొనునపుడు మన పెద్దలు వంశమున రోగములున్నవాయని విచారింతురు. ఈ దోషము ఆ విచారణకు చిక్కదు.

ఏకోదరునకు నీదోషముండుట రెండింట నొకపాలు. గుర్తులన్నియు కలిసిన యన్నయే దోషము కలవాడైనచో, అతని మూలుగతోబాటు దోషమును తమ్ముని యెముకలలోనికి పోవును. అట్లెక్కించిన మూలుగనుండియే మరల క్యాన్సరు పుట్టిన సందర్భములు కలవు. అందుచే నిపుడు దాతయగు బంధువును ముందుగా పరీక్షింతురు. రోగికైతే నెత్తురు కాక చర్మకణములను తీయుదురు. ఏలయన, చెడిన నెత్తుటిలో కనబడు దోషము పుట్టుకతో వచ్చినదో నడుమ వచ్చినదో నెత్తురే చెప్పజాలదు.

పరీక్షలో దోషము తేలినచో అన్నను విడిచి, గుర్తులు కలిసిన యే యపరిచితునో వెదకుదురు. తమ్మునికి ప్రాణము పోయవచ్చిన యన్న మాత్రము, తనకును ఆ దోషము కలదను వార్తతో నింటికి మరలును.